ఎదుగుదల ఆలస్యమైన బిడ్డ, తల్లి మనసు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయికి ఇప్పుడు పదమూడేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడుకి జరిగిన నష్టం వల్ల కండరాల మీద పట్టు తప్పడం. తొమ్మిది నెలలొచ్చినా మెడ నిలవడం లేదని తీసుకెళ్తే, ఒక ఆసుపత్రిలో ఆ పేరు రెండు నిమిషాల్లో చెప్పి, చీటీ రాసిచ్చి, తర్వాతి వాళ్లని పిలిచారు. ఆ తర్వాత నేను స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేశాను. తెనాలిలో ఒక చిన్న థెరపీ సెంటర్‌లో పనిచేస్తున్నాను. పిల్లల్ని లోపలికి తీసుకెళ్లాక బయట బెంచీ మీద కూర్చునే తల్లులు అడిగే ప్రశ్నలే ఇవన్నీ. మొదట్లో అందరూ బిడ్డ గురించే అడుగుతారు. తమ గురించి అడగడానికి నెలలు పడుతుంది, అదీ గొంతు తగ్గించి. ఇక్కడ ఆ గొంతు తగ్గించి అడిగిన వాటినే ముందు పెట్టాను.

బిడ్డను చూస్తే నాకు ప్రేమ పొంగుకు రావట్లేదు. నేను చెడ్డ తల్లినా?

కాదు. బిడ్డను ఒళ్లో పెట్టగానే ప్రేమ పొంగుతుందని అందరూ అంటారు గానీ, ఏ ఇబ్బందీ లేని కాన్పుల్లో కూడా చాలామందికి అది వారాలు పట్టి వస్తుంది. మన సంగతి వేరే చెప్పాలా? పుట్టగానే ఏడవలేదని బిడ్డను ఇంక్యుబేటర్‌లో పెట్టారు. మీకు అద్దంలోంచి చూపించారు. పాలు పిండి గిన్నెలో పంపమన్నారు. ఇంటికొచ్చాక ఫిట్స్ మందు, రిపోర్టులు, స్కానింగులు. ఎప్పుడు ఏమవుతుందోనన్న భయంలో ఉన్న మనిషి మనసు బిడ్డకి దగ్గరవడానికి జంకుతుంది. మళ్లీ దెబ్బ తగులుతుందేమోనని కాస్త వెనక్కి జరిగి నిలబడుతుంది.

నేను ఏడాదిన్నర అలాగే ఉన్నాను. వేళకి మందులు, వేళకి పాలు, రోజూ ఫిజియో. చేతులు పనిచేసేవి, మనసు ఎక్కడో ఉండేది. ఎవరితోనూ అనలేదు. అప్పట్లో ఒక్కరైనా "ఇలా చాలామందికి ఉంటుందమ్మా" అని ఉంటే ఆ ఏడాదిన్నరలో సగం తగ్గేదని ఇప్పటికీ అనుకుంటాను.

బిడ్డ ఇంకా ఆసుపత్రిలోనే ఉంటే, కంగారూ కేర్ గురించి నర్సుని అడగండి. బిడ్డను తల్లి గుండెకి చర్మం తగిలేలా కట్టుకోవడమే ఈ పద్ధతి. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టారు. ఇప్పుడు మన ప్రభుత్వాసుపత్రుల్లోనూ చేయిస్తున్నారు. బరువు తక్కువ పిల్లల ప్రాణానికి అది ఎంత మేలో, తల్లి మనసుకీ అంత మేలు.

ఇది నా వల్లే జరిగిందా?

గ్రహణం రోజు బయటికొచ్చానని, బొప్పాయి తిన్నానని, ఏడో నెల దాకా స్కూటీ మీద ఆఫీసుకెళ్లానని, అత్తగారి మాట వినలేదని... ఈ జాబితా ప్రతి తల్లి దగ్గరా ఉంటుంది. వీటిలో ఒక్కటి కూడా కారణం కాదు. కాన్పు సమయంలో బిడ్డకి ఆక్సిజన్ అందకపోవడం, బాగా ముందే పుట్టడం, పుట్టాక కామెర్లు మితిమీరి మెదడు దాకా వెళ్లడం, పుట్టుకతో థైరాయిడ్ లోపం, జన్యువుల్లో మార్పు లాంటివి అసలు కారణాలు. ఎంత వెతికినా కారణం దొరకని పిల్లలూ ఎంతోమంది.

మేనరికం సంగతి దాచకుండా చెప్పాలి. దగ్గరి సంబంధాల్లో కొన్ని జన్యు జబ్బులు వచ్చే అవకాశం పెరిగే మాట నిజం. కానీ అలాంటి జబ్బుల్లో లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. సగం సగం. "మీ వైపు నుంచే వచ్చింది" అని కోడలి మీద తోసే మాటకి వైద్యంలో ఆధారం లేదు. ఇంకో బిడ్డ కావాలనుకుంటే గర్భం రాకముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కి ఇద్దరూ కలిసి వెళ్లండి.

తల్లిని నిందించే పని ఒకప్పుడు పెద్ద డాక్టర్లే చేశారు. 1943లో ఆటిజం గురించి మొదట వివరంగా రాసిన లియో కానర్, ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని రాశారు. తర్వాత బ్రూనో బెట్టెల్‌హైమ్ లాంటి వాళ్లు తల్లి ప్రేమ చూపించకపోవడం వల్లే ఆటిజం వస్తుందని ప్రచారం చేశారు. రెండు దశాబ్దాలపాటు ఎందరో తల్లులు ఆ నింద మోశారు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్ట్ కొడుక్కి ఆటిజం. ఆయన పట్టుబట్టి చదివి, 1964లో ఇది మెదడుకి సంబంధించిన సంగతని వాదించారు. 1969లో కానర్ తల్లిదండ్రుల సభలో నిలబడి, మీరు నిర్దోషులని చెప్పారు. డాక్టర్లే వెనక్కి తీసుకున్న నిందని మన ఇళ్లలో ఇంకా మొయ్యడం దేనికి?

పిలిస్తే పలకడు, కళ్లలోకి చూడడు, ఎత్తుకుంటే విల్లులా విరుచుకుపోతాడు. వాడికి నేనంటే ఇష్టం లేదా?

నాకు ఎక్కువ చెప్పాలనిపించేది ఈ ప్రశ్న గురించే.

మామూలు బిడ్డ రెండో నెలలో నవ్వుతుంది, ఉంగా అంటుంది, తల్లి అటు వెళ్తే తల తిప్పుతుంది. వాటిని చూసి తల్లి కరిగిపోతుంది, ఇంకాస్త ఆడిస్తుంది. మన పిల్లల దగ్గర ఆ పిలుపు ఉండదని కాదు. వేరేలా ఉంటుంది, ఆలస్యంగా వస్తుంది, మనకి అర్థం కాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ కండరాలు మెత్తగా ఉండటం వల్ల నవ్వు ఆలస్యంగా, సన్నగా వస్తుంది. ఆ సన్నటి నవ్వుని చూడకుండా దాటిపోవడం తేలిక.

సెల్మా ఫ్రైబర్గ్ అనే ఆవిడ అమెరికాలోని మిషిగన్‌లో చూపులేని పసిపిల్లల్నీ వాళ్ల తల్లుల్నీ ఏళ్ల తరబడి గమనించారు. తల్లి మాట్లాడితే ఆ పిల్లలు కదలకుండా బిగుసుకుపోయేవాళ్లు. తల్లులేమో బిడ్డకి తామంటే పట్టదనుకునేవాళ్లు. నిజానికి బిడ్డ ఒళ్లంతా చెవులు చేసుకుని వింటోంది! ముఖం చూడకండి, చేతులు చూడండి అని ఫ్రైబర్గ్ నేర్పించారు. తల్లి గొంతు వినగానే వేళ్లు ఎలా విచ్చుకుంటున్నాయో, దేనికోసం తడుముకుంటున్నాయో చూశాక ఆ తల్లుల తీరే మారిపోయింది.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. పాప పడుకుని ఉంటే నేను ఎడమ వైపు నుంచి వంగి పలకరించేదాన్ని. నా వైపు తల తిప్పేది, వెంటనే ఎడమ చెయ్యి కర్రలా చాపి నా గెడ్డానికి తగిలించేది. ప్రతిసారీ అంతే. నన్ను తోసేస్తోందనుకున్నాను. నెలల తర్వాత ఒక ఫిజియోథెరపిస్ట్ చూసి, "తోయట్లేదమ్మా, అది రిఫ్లెక్స్. తల ఎటు తిరిగితే అటు చెయ్యి చాచుకుపోతుంది. మీ కోసం తిరగబట్టే ఆ చెయ్యి లేస్తోంది" అన్నారు. తల కింద తువ్వాలు చుట్ట గుర్రపునాడాలా పెట్టి, నన్ను ఎదురుగా కూర్చోమన్నారు. చెయ్యి లేవలేదు. పాప నన్ను చూసింది, చాలాసేపు చూసింది. ఇప్పటికీ మాటలు లేవు. అవునంటే కళ్లు పైకెత్తుతుంది, కాదంటే మూసేస్తుంది. మేం రోజంతా అలాగే మాట్లాడుకుంటాం.

ఎత్తుకుంటే విరుచుకుపోయేదీ చాలాసార్లు కండరాల బిగువే. చంకల కింద పట్టి నిటారుగా లేపకండి. ముందు తుంటి, మోకాళ్లు మడిచి, బిడ్డను ముద్దగా చేసుకుని ఎత్తుకోండి.

ఆటిజం ఉన్న బిడ్డ విషయానికొస్తే, తల్లిని గదిలోంచి పంపి మళ్లీ రప్పించి చూసిన పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే, దాదాపు సగం మంది పిల్లలకి తల్లితో గట్టి బంధమే ఉందని తేలింది. కళ్లలోకి చూడకపోవచ్చు. కానీ ఎవరి కొంగు పట్టుకుని నిద్రపోతాడు? భయమేస్తే ఎవరి వెనక్కి వచ్చి నిలబడతాడు? ఒక వారం రోజులు అది గమనించండి.

ఇది మామూలు దిగులా, డిప్రెషనా?

రిపోర్టు విన్న రోజుల్లో ఏడుపు ఆగకపోవడం జబ్బు కాదు. రెండు వారాలు దాటినా దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు మనసు మొద్దుబారినట్టు ఉందా? బిడ్డ నిద్రపోయినా మీకు నిద్ర పట్టట్లేదా? ఆకలి చచ్చిపోయిందా? ఎవరైనా ఇంటికొస్తున్నారంటే తలుపేసుకోవాలనిపిస్తోందా? అయితే డాక్టర్ని కలవాలి.

మన ఆడవాళ్లు డిప్రెషన్ అని చెప్పరు. తలనొప్పి, నడుంనొప్పి, నీరసం, గుండె దడ అంటారు. బి కాంప్లెక్స్ తెచ్చుకుని ఊరుకుంటారు. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి, ముఖ్యంగా కాన్పయి ఏడాది దాటకపోతే. థైరాయిడ్ తేడా కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. బాలింతలకి ఎడిన్‌బర్గ్ స్కేల్ అని పది ప్రశ్నల పట్టిక ఉంది, 1987 నుంచి వాడుతున్నారు. ఐదు నిమిషాల పని. పిల్లల డాక్టర్ బిడ్డ బరువు చూసే ప్రతిసారీ తల్లిని కూడా ఆ పది ప్రశ్నలు అడిగితే ఎంత బాగుండు!

ఒక్కోసారి బిడ్డతో పాటు నేనూ లేకపోతే ఈ బాధ ఉండదు కదా అనిపిస్తుంది. ఇది ఎవరికైనా చెప్పొచ్చా?

చెప్పాలి, ఈరోజే చెప్పాలి. 14416కి ఫోన్ చేయండి. మనసు బాధలో ఉన్నవాళ్ల కోసం పెట్టిన ఫోన్ సాయం ఇది, టెలీ మానస్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, ఉచితం, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పి, ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి. బిడ్డ ఫిట్స్ మందులు, నిద్రమాత్రలు, పురుగుమందు లాంటివి మీ చేతికందకుండా వాళ్లనే దాచమనండి. ఎలా చెయ్యాలనే దాకా ఆలోచన వెళ్లి ఉంటే ఫోన్‌తో ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

బిడ్డ గంటల తరబడి ఏడుస్తుంటే చెయ్యి లేవబోతోందా? బిడ్డను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, పది నిమిషాలు పక్కగదిలోకి వెళ్లండి. ఏడ్చినా పర్లేదు. పసిబిడ్డని ఎప్పుడూ పట్టుకుని ఊపెయ్యకూడదు, మెదడుకి దెబ్బ తగులుతుంది. ఇలాంటి ఆలోచనలు అలసట, జబ్బు కలిసి పుట్టించేవి. నా ఎదురుగా ఈ మాట చెప్పిన తల్లులు ఈరోజు తమ పిల్లల్ని చెయ్యి పట్టుకుని సెంటర్‌కి తీసుకొస్తున్నారు.

మందులు వేసుకుంటే పాలు ఇవ్వొచ్చా? అలవాటైపోతాయేమో?

సెర్ట్రాలిన్ లాంటి మందులు పాలలోకి చాలా తక్కువగా వెళ్తాయి, అందుకే పాలిచ్చే తల్లులకి వాటినే ఎక్కువగా రాస్తారు. పాలిస్తున్నట్టు డాక్టర్‌కి ముందే చెప్పండి. పని చెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మత్తుమందులా అలవాటు కావు గానీ, ఉన్నట్టుండి మానెయ్యకూడదు. "పిచ్చి డాక్టర్ దగ్గరికెళ్లింది" అని ఎవరైనా అంటారని భయపడి ఆగిన వాళ్లని చూశాను. జిల్లా ఆసుపత్రిలో మిగతా ఓపీల మధ్యే ఆ గదీ ఉంటుంది. బిడ్డకి ఫిజియో ఉన్న రోజునే చూపించుకుని వచ్చెయ్యొచ్చు.

రోజంతా థెరపీలే. కాసేపు ఆడిద్దామంటే పాపం చేసినట్టు ఉంటుంది. ఏం చెయ్యను?

పొద్దున ఫిజియో, మధ్యాహ్నం స్పీచ్, సాయంత్రం ఇంటి దగ్గర హోంవర్క్. తల్లి మెల్లగా థెరపిస్ట్ అయిపోతుంది. బిడ్డ తల్లి ముఖం చూడగానే ఏడుస్తుంది, ఎందుకంటే ఆ చేతులు కాళ్లు సాగదియ్యడానికే వస్తాయి. నేనూ ఇలాగే చేశాను. మా అమ్మ ఒకరోజు విసుక్కుని, "దాన్ని కాసేపు నాకిచ్చెయ్యవే, లాల పోస్తాను" అంది.

పెరట్లో పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైకి దోపుకుని, కాళ్లు బారచాపి, పాపను బోర్లా వేసుకుంది. నువ్వుల నూనె అరచేతుల్లో రుద్ది వెచ్చబెట్టి, నడుం నుంచి పాదాల దాకా మెల్లగా రాసింది, ఎక్కడా గట్టిగా లాగలేదు. తర్వాత చెంబుతో గోరువెచ్చటి నీళ్లు వీపు మీద ధారగా పోస్తూ ఏదో చెప్తూనే ఉంది. చెంబు ఆపితే పాప ఊపిరి బిగబట్టేది, పోస్తే వదిలేది. మూడోసారికి మా అమ్మ కావాలనే ఆపి, "ఇంకా కావాలా?" అంది. పాప గొంతులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. అడిగింది! వెచ్చటి నీళ్లకి కండరాల బిగువు కాసేపు సడలుతుంది, ఆ కాసేపట్లో మూసుకుపోయిన పిడికిలి తెరుచుకుంది. అప్పటికి ఆరు నెలలుగా స్పీచ్ థెరపీలో మేం రాబట్టాలని చూస్తున్నది ఆ ఒక్క శబ్దమే. (చెవుల్లో, ముక్కులో మాత్రం నూనె వెయ్యకండి.)

అప్పట్నుంచి నేను తల్లులకి చెప్పేది ఇదే: వేరే టైం పెట్టుకోకండి, ఉన్న పనిలోనే కలపండి. అన్నం పెట్టేటప్పుడు ముద్ద నోటి దాకా తెచ్చి ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగండి. చూపో, శబ్దమో, చెయ్యో వచ్చాక పెట్టండి. 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 మంది ఆటిజం పిల్లల కుటుంబాలను తీసుకుని, వాళ్లలో దాదాపు సగం మందితో ఇలాంటి పనే చేశారు. స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలు తల్లీబిడ్డలు ఆడుకుంటుంటే వీడియో తీసి, ఇద్దరూ కుదిరిన క్షణాలు తల్లికే చూపించారు. తల్లులు బిడ్డ తీరుకి తగ్గట్టు స్పందించడం పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఆ వీడియో మీ ఫోన్‌తో మీ ఆయన తియ్యొచ్చు. తప్పులు వెతకడానికి కాదు, కుదిరిన అరనిమిషం వెతకడానికి.

"వాళ్ల నాన్నకీ ఐదేళ్లకే మాటలొచ్చాయి, ఊరికే కంగారు పడతావు" అంటారు అత్తగారు.

ఆవిడ భయంతో అంటున్న మాట అది. వాదించకండి. ఒకసారి థెరపీకి వెంట తీసుకెళ్లి లోపల కూర్చోబెట్టండి. తాయెత్తు కట్టిస్తానంటే కట్టనివ్వండి, థెరపీ మాత్రం ఆపొద్దనండి.

మా ఆయన పట్టించుకోరు. డబ్బు తెస్తున్నాను కదా అంటారు.

చాలామంది తండ్రులు బాధని పనిలో దాచుకుంటారు. వాళ్లూ ఏడవరని కాదు. "సాయం చెయ్యండి" అంటే ఏం చెయ్యాలో తెలియదు. "రోజూ రాత్రి అన్నం మీరే పెట్టండి" అని ఒక్క పని పూర్తిగా అప్పగించండి, వంకలు పెట్టకుండా వదిలెయ్యండి. వారానికి రెండు గంటలు మీరు ఇంట్లో ఉండని సమయం ఒకటి ఉండాలి. గుడికో, పుట్టింటికో, ఊరికే కాలవ గట్టుకో. చెయ్యి చేసుకునే మనిషైతే అది వేరే సంగతి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

పెద్దవాడు "నువ్వు తమ్ముడికే అమ్మవి" అన్నాడు.

రోజుకి పావుగంట వాడొక్కడిదే, తలుపు వేసి. తమ్ముడికి ఏమైందో వాడి వయసుకి తగ్గట్టు నిజం చెప్పండి. చెప్పకపోతే తన వల్లే అయిందనుకునే పిల్లలున్నారు.

ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమన్నారు, రెండు భాషలైతే తికమకపడతాడట.

హైదరాబాద్‌లోనూ వింటాను, అమెరికా నుంచి ఫోన్ చేసేవాళ్లూ చెప్తారు. ఈ సలహా తప్పు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలకి గానీ, డౌన్ సిండ్రోమ్ పిల్లలకి గానీ మాటలు ఇంకా వెనకబడవని పరిశోధనలు చూపించాయి. తల్లికి మాత్రం నష్టం చాలా ఉంది. మీకు ముద్దు చెయ్యడం తెలుగులో వచ్చు, కోప్పడటం తెలుగులో వచ్చు. "బంగారుకొండ", "నా చిట్టితల్లి" అనకుండా పాఠం చెప్పినట్టు "కప్, బాల్" అంటూ ఉంటే ఇద్దరి మధ్యా మాటలే కరువవుతాయి. మీకు ఏ భాషలో నోరు ఆగకుండా మాటలొస్తాయో అందులోనే మాట్లాడండి.

అమెరికాలో ఉంటే, మూడేళ్ల లోపు పిల్లలకి ఎర్లీ ఇంటర్వెన్షన్ (చిన్నప్పుడే థెరపీ మొదలుపెట్టే సేవ) చట్టప్రకారం ఉంటుంది, పరీక్షకి డబ్బు తీసుకోరు. డాక్టర్ చీటీ అక్కర్లేదు, మీరే ఫోన్ చెయ్యొచ్చు. తెలుగు దుబాసీ కావాలని అడగండి. అక్కడి తల్లులకి ఒంటరితనం ఇంకా ఎక్కువ. బిడ్డను చూపించాల్సి వస్తుందని ఇంటికి వీడియో కాల్ చెయ్యడమే మానేసినవాళ్లు ఉన్నారు.

ఎక్కడికి వెళ్లాలి? అంత డబ్బు లేదు.

ముందు అంగన్‌వాడీలో అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏడాదికి రెండుసార్లు అక్కడికి డాక్టర్ల బృందం రావాలి. తేడా కనిపిస్తే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. దాన్నే ఇంగ్లీషులో పొట్టిగా డైక్ (DEIC) అంటారు, ఆసుపత్రిలో ఆ పేరు చెప్పి అడిగితే ఎక్కడుందో చూపిస్తారు. బడి వయసు పిల్లలకి మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, నీపిడ్ అంటారు. అక్కడ పరీక్షలతో పాటు తల్లిదండ్రులకి ఇంట్లో చెయ్యాల్సినవి నేర్పుతారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులో పెట్టుకోవచ్చు. వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ కోసం తిరగడం తల్లిని బాగా అలిసిపోయేలా చేస్తుంది. ఆ పని ఒక్కటైనా ఇంట్లో మగవాళ్లకి అప్పగించండి.

ఈ బాధ ఎప్పటికి పోతుంది?

1962లో సైమన్ ఒల్షాన్‌స్కీ అనే అమెరికన్ ఇలాంటి తల్లిదండ్రులతో పనిచేసి ఒక మాట రాశారు: ఈ దుఃఖం ఒకసారి వచ్చి పోయేది కాదు, జీవితమంతా వచ్చి వెళ్తూ ఉంటుంది, అది జబ్బు కాదు, సహజం. "ఇంకా ఒప్పుకోలేదా?" అని తల్లుల్ని తరిమే డాక్టర్లకి ఆయన చెప్పింది ఇదే. 1996లో రాబర్ట్ మార్విన్, రాబర్ట్ పియాంటా అనే పరిశోధకులు సెరిబ్రల్ పాల్సీ పిల్లల తల్లుల్ని అడిగి చూశారు. బాధ ఉన్నా, "ఎందుకిలా జరిగింది" దగ్గరే ఆగిపోకుండా ఈ రోజులోకి రాగలిగిన తల్లుల బిడ్డలకి వాళ్లతో బంధం గట్టిగా ఉండటం ఎక్కువగా కనిపించింది.

మొన్న మా ఆడపడుచు కూతురికి ఓణీలు ఇచ్చారు. మా పాప ఈడుదే. పీట మీద కూర్చున్న ఆ పిల్లని చూసి నేను ఉండలేక వెనక గదిలోకి వెళ్లి కాసేపు ఏడ్చాను. ముఖం కడుక్కుని వచ్చేసరికి హాల్లో వీల్‌చెయిర్‌లోంచి మా అమ్మాయి కళ్లు నన్నే వెతుకుతున్నాయి. నేను కనపడగానే వడ్డిస్తున్న ట్రే వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. "లడ్డూనా?" అన్నాను. కళ్లు పైకెత్తింది. చిదిమి, కొంచెం పాలలో తడిపి, చెంచాతో పెట్టాను.